దాపటి కంప్యూటర్

కంప్యూటర్ కొనడానికి మేము ఎద్దులు చూసే మనిషిని వెంటబెట్టుకుని పోయినం. ఈ మాట చెబితే ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతరు. నవ్వనీ. ఆయన రాకుంటే మా పిల్లకు వేరేది వచ్చేది, అది ఈపాటికి బడి బీరువాలో దుమ్ము పట్టి ఉండేది.

ఆ మనిషి నాకు మరిది. కొంటా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరు ఎద్దు కొనాలన్నా ముందుగాల ఆయన్ని పిలుస్తరు. సంతలో ఆయన పళ్ళు పట్టి చూడడు, తోక మెలిపెట్టడు. అమ్మేటాయన ఎంత పొగిడినా వింటడు, బీడీ తాగుతడు, ఆఖరుకు "కాడి కట్టు" అంటడు. బండికి కట్టించి, బండిలో ఇసుక వేయించి, శబరి ఏటి ఒడ్డు ఎక్కించి దింపించి, ఎద్దు రొప్పుతున్నప్పుడు దాని మెడ చూస్తడు. నీడకు నిలబెట్టిన ఎద్దును చూస్తే నాకేం తెలుస్తది, పనిలో ఉన్నప్పుడు చూపించు అంటడు. దానితో అమ్మేటోళ్ళకు ఆయనంటే మంట. కొనేటోళ్ళకు మాత్రం దేవుడు.

పిల్ల అంటే నా మనుమరాలు, పెద్ద కొడుకు బిడ్డ. కాన్పు కష్టమైంది. మంత్రసాని గుంజినప్పుడు కుడి భుజంలో నరం దెబ్బతిన్నదని తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు చెప్పిండు. చెయ్యి ఉన్నది, వేళ్ళున్నయి, కొద్దిగా కదులుతయి కూడా. పట్టు లేదు. భుజం నుంచి ఊరికే వేలాడుతుంటది. ఎడమ చెయ్యి మాత్రం రెండింటి పనీ చేస్తది. తునికాకు కాలంలో మా ఇంట్లో అందరికంటే పొందికగా కట్ట కట్టేది అదే. ఆకులను కాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ బిగించి, నారను ఎడమ చేత్తో తిప్పి, పళ్ళతో ముడి లాగుతది. కల్లం కాడ ఆకు తీసుకునే మున్షీ నా కట్టలు వెనక్కి కొట్టిండు గానీ దాని కట్ట ఏనాడూ కొట్టలేదు.

దాన్ని చూసి అయ్యో పాపం అనేటోళ్ళంటే నాకు పడదు. ఒకామె సంతలో మూతి ముడిచి, "దీని పెండ్లి ఎట్లయితదో" అన్నది. "నీకు రెండు చేతులున్నయి గదా, నీ మొగుడేం సుఖపడ్డడు" అన్న. ఆమె మళ్ళా నా పక్కకు రాలేదు.

చదువు కాడ చిక్కు వచ్చింది. మాది సరిహద్దు ఊరు, ఇక్కడ బడి హిందీలో. మా ఇంట్లో తెలుగు, పక్క వాడలో దోర్లీ, బజారులో హిందీ. పిల్ల అన్నీ మాట్లాడుతది, రాసేది మాత్రం హిందీ. ఎడమ చేత్తో రాస్తది, అక్షరం ముద్దుగనే ఉంటది. కానీ పరీక్ష పేపరంత రాయాలంటే సగానికే మణికట్టు పట్టేస్తది. నీళ్ళు తోడేదీ, తల దువ్వుకునేదీ, గిన్నెలు తోమేదీ అన్నిటికీ ఆ చెయ్యి ఒక్కటే గదా. అందుకని అర్ధ సంవత్సరం పరీక్షకు బడోళ్ళు రాసిపెట్టే పిల్లను ఇచ్చిండ్రు. కింది తరగతి పిల్ల. మా పిల్ల జవాబు చెప్పాలె, ఆ పిల్ల రాయాలె. అట్ల రూలున్నదట.

ఆ దినం మా పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రాసిన పిల్ల మంచిదేనట. కానీ పైతరగతి సైన్సు మాటలు దానికి ఇంకా రావు. రానివి వదిలేసుకుంట పోయిందట. లెక్కల్లో గీత ఇక్కడ గియ్యమంటే అక్కడ గీసిందట. మా పిల్ల పక్కన కూర్చుని, తన పేపరు చెడిపోతుంటే చూస్తనే ఉన్నదట.

"అది నా పేపరు కాదు నాయనమ్మా. నేను రాసి ఫెయిలైనా నాకు మంచిదే" అన్నది.

ముందల పదో తరగతి బోర్డు పరీక్ష ఉన్నది. అదీ ఇట్లనే జరిగితే చదువు ఆపేస్తనని గోడ పక్కకు తిరిగి పడుకున్నది. ఊరికే బెదిరించే రకం కాదు అది.

తెల్లారి బడికి పోయిన. పెద్దసారు జగదల్‌పూర్ పక్కాయన. తెలుగు అర్థమైతది, మాట్లాడడు. నేను తెలుగులో తిట్టిన, ఆయన హిందీలో సముదాయించిండు, ఇద్దరికీ ఏమీ తేడా రాలేదు. నేను ఊపిరి తీసుకోను ఆగినప్పుడు అసలు సంగతి చెప్పిండు. ఇట్లాంటి పిల్లలు కంప్యూటర్ మీద పరీక్ష రాయొచ్చట, బోర్డు ఒప్పుకుంటే. కంప్యూటర్ కొనడానికి బడికి పైసలు కూడా మంజూరైనయట. ఏది కొనాలో తెలియక కాగితం పక్కన పెట్టిండట. "పిల్లను తీసుకుని సుక్మా పోయి, ఏది దాని చేతికి సరిపోతదో మీరే చూడండి. మధ్యాహ్నం నేను అక్కడికే వచ్చి బిల్లు తీసుకుంట" అన్నడు.

దానికో షరతు కూడా పెట్టిండు. అర్జీ పంపేముందు పిల్ల ఆ కంప్యూటర్ మీద పాత పేపరొకటి మొత్తం, బెల్లుకు బెల్లు నడుమ, ఆయన ముందర రాసి చూపించాలె. రాస్తే రాసిపెట్టే పిల్ల ఉండదు. రాయలేకపోతే ఉంటది. బోర్డు కాడ పిల్ల నడుమలో ఆగిపోతే ఎవరు జవాబు చెప్పాలె అన్నడు. ఆ మాట న్యాయమే అనిపించింది. అనిపించినా ఒప్పుకున్నట్టు మొహం పెట్టలేదు.

ఇంటికి నడిచి వచ్చిన అంటే వచ్చిన గానీ, కాలు నేల మీద నిలవలేదు. కొడుకు లారీ మీద విశాఖ పక్క పోయిండు, కోడలు అంగన్‌వాడీ వదిలి రాలేదు. ఫోన్ చేసి నేనే పోతున్న అని కొడుక్కు చెప్పిన.

"నువ్వెన్నడన్నా కంప్యూటర్ చూసినవానే అమ్మా?" అన్నడు.

"లేదు. చూసేటోణ్ణి తీసుకపోత" అని ఫోన్ పెట్టేసిన.

అప్పటికి నాకు తట్టిన చూసేటాయన ఒక్కడే. మరిది ఇంటికి పోతే పగ్గం పేనుకుంట కూర్చున్నడు. సంగతి విని, "కంప్యూటర్‌కు కొమ్ములుంటయా వదినా?" అన్నడు.

"లేవు. నీకూ లేవు, మా చెల్లె నిన్ను మేపుతలేదా" అన్న. లోపల తోడికోడలు చప్పుడు చేసుకుంట నవ్వింది. ఆయన పగ్గం పక్కన పెట్టి మంచి అంగీ అడిగిండు.

సుక్మా బస్సులో మాకు సీటు దొరికింది. ఆయన దారి పొడుగునా ఆలోచించి, సగం తొవ్వలో నా పక్కకు వంగి ఒక మాట అన్నడు. కాడికి కుడి పక్క కట్టేది వలపటి ఎద్దు, ఎడమ పక్క కట్టేది దాపటి ఎద్దు. దాపటికి అలవాటైన ఎద్దును వలపటి కడితే అది నడవదు, పక్కదాన్ని నడవనీయదు. మన పిల్లది ఎడమ చెయ్యి. కాబట్టి మనం ముందే దాపటి కంప్యూటర్ అని గట్టిగ చెప్పాలె, లేకుంటే కొట్టాయన వలపటిది అంటగడతడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంత పెద్ద సంగతి పెద్దసారుకు కూడా తోచలేదు గదా అనుకున్న. ముందు సీటాయన కూడా తిరిగి, నిజమే, మా ఊళ్ళో కొడవలి కూడా ఎడమ చేతి వాటానికి వేరే కొట్టిస్తం అన్నడు. పిల్ల కిటికీలోకి మొహం పెట్టి భుజాలు కదిలేటట్టు నవ్వుతున్నది. "చిన్నతాతా, అక్కడ ఈ మాట అడగకు" అన్నది. ఆయన వింటడా.

కొట్టు బస్టాండుకు దగ్గర్లనే. కొట్టాయన మమ్మల్ని చూసి హిందీ మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి దిగిండు. బచేలి ఇనుప గనుల కాడ పెరిగిండట. తండ్రి శ్రీకాకుళం పక్కనుంచి రైల్వే పనికి వచ్చి ఈ కొండల్లోనే ఉండిపోయిండట. మేం "ఏంది" అంటే ఆయన "ఏటి" అంటడు.

మరిది కూర్చోకముందే అడిగేసిండు. "మాకు దాపటిది కావాలె. వలపటిది చూపించకు."

కొట్టాయనకు అర్థం కాలేదు. నేను విప్పి చెప్పిన. నవ్వుతడేమోనని పిల్ల తల వంచుకున్నది. ఆయన నవ్వలేదు. "దాపటిది అని వేరేగా ఏటీ రాదు బాబూ. కానీ చూడండి" అని మౌస్ తీసి ఎడమ పక్కకు పెట్టి, లోపల ఏదో నొక్కి, దాని మీటలు తారుమారు చేసిండు. "ఇప్పుడిది మీరన్నట్టు దాపటిదే" అన్నడు. పిల్ల ఎడమ చెయ్యి వేసి తిప్పింది. తెర మీద బాణం అది చెప్పినట్టల్లా తిరిగింది. మరిది నా పక్కకు చూసిన చూపు ఎద్దు బేరం కుదిరినప్పటి చూపు. ఇంటికొచ్చేదాకా ఆ చూపు దించలేదు.

అప్పుడు కొట్టాయన ఒక పలక లాంటిది తెచ్చిండు, మొత్తం అద్దమే. దాని ముందర హిందీలో ఒక ముక్క మాట్లాడిండు. మాట్లాడింది మాట్లాడినట్టు అక్షరాలై పడింది.

నేను అక్షరాలు నేర్చింది తల నెరిసినంక. మిరపకాయలు ఏరడానికి భద్రాచలం పక్క పోయినప్పుడు, తోటి కూలామె పొద్దుగూకే ముందు మట్టిలో పుల్లతో గీసి నేర్పింది. "ఖ" రావడానికి నాకు ఒక మిరప కాలమంత పట్టింది. హిందీ అక్షరాలు తర్వాత ఈ పిల్ల కాడనే నేర్చిన, అది నాకు మొట్టికాయలు కూడా వేసింది. అట్లాంటిది ఇక్కడ నోరు తెరిస్తే చాలు, అక్షరం కూలికి వచ్చినట్టు వచ్చి వరుసలో నిలబడుతున్నది. చెయ్యితో పనే లేదు. మా పిల్ల కోసమే పుట్టించినట్టున్నది. "ఇదే. కట్టు" అన్న.

పిల్ల నెమ్మదిగా అడిగింది, దీనికి నెట్ ఉండాలె గదా అని. ఉండాలె అన్నడు కొట్టాయన. మా బడిలో నెట్ నీళ్ళ ట్యాంకు కింద తప్ప ఎక్కడా పట్టదు. ట్యాంకు కిందనే కూర్చుని రాస్తదిలే అన్న. పరీక్ష గదిలో అందరూ రాస్తుంటే నేను జవాబు పైకి చదవాలెనా, పక్కోళ్ళందరూ నా జవాబే రాసుకుంటరు అన్నది. వేరే గది ఇమ్మంట అన్న. నేను వదలలేదు. అప్పుడది నా మొహంలోకి సూటిగ చూసింది.

"ఆ పిల్ల రాసినా, ఇది రాసినా, నేను చెప్పుడే గదా నాయనమ్మా. నేను రాస్త."

నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్న. అంత మంచి వస్తువును కాదంటదా అని. పక్కకు తిరిగి కూర్చున్న. కానీ అది ఏడ్చుకుంట గోడ పక్కకు తిరిగిన దినం నేనే చూసిన గదా. కొద్దిసేపటికి కొట్టాయనతో, "సరే, అది లోపల పెట్టుకో, నాకు కనిపించకుండ పెట్టు" అన్న.

తర్వాత తెచ్చింది మడత కంప్యూటర్. పుస్తకం లెక్క తెరుచుకుంటది. తేలికగ ఉన్నది, పిల్ల ఒంటి చేత్తో లేపి చంకలో పెట్టుకున్నది. కరెంటు పోయినా నడుస్తది. మా ఊరి కరెంటు సంగతి తెలిసినోళ్ళకు అది ఎంత పెద్ద మాటో తెలుసు. పిల్ల మొహం వెలిగిపోయింది. కొట్టాయన అద్దాల బల్ల మీద పెట్టిండు. నల్లగా నిగనిగలాడుతున్నది. నా కోపం ఎటు పోయిందో. అయిపోయింది, పెద్దసారు వస్తే బిల్లు రాయించుడే అనుకున్న.

మరిది బీడీ ఆర్పి, "కాడి కట్టు" అన్నడు.

కొట్టాయన మళ్ళా నా పక్కకు చూసిండు. నేను చెప్పిన, పిల్ల పాత పేపరు వెంట తెచ్చుకున్నది, ఇక్కడనే కూర్చుని రాస్తదని. "పేపరంతా? ఇక్కడా?" అన్నడు. "నీ బేరం నువ్వు చూసుకో, దాని రాత అది రాసుకుంటది, నీకు అడ్డమేంది" అన్న. పాపం మంచి మనిషి, ఎత్తు స్టూలు తెచ్చి వేసిండు.

మొదట్లనే ఒక చిక్కు. హిందీలో కొన్ని అక్షరాలకు రెండు మీటలు ఒకేసారి నొక్కాలె. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. ఒక్క చెయ్యి అంత దూరం సాగదు. పిల్ల గడ్డంతో ఒకటి నొక్కి, చేత్తో ఇంకోటి నొక్కింది. చూసినోళ్ళు నవ్విండ్రు, అదీ నవ్వింది. కొట్టాయన, "ఉండమ్మా, దానికో ఏర్పాటుంది" అని లోపల ఏదో మార్చిండు. ఇప్పుడు మొదటి మీట నొక్కి వదిలేస్తే అది గుర్తుపెట్టుకుంటదట, రెండోది తర్వాత తీరుబడిగా నొక్కొచ్చట. పిల్ల నొక్కి చూసింది. పడింది. మళ్ళా నొక్కింది. మళ్ళా పడింది. అప్పుడు గొంతెత్తి నవ్వింది చూడండి, కొట్టు బయట పోయేటోళ్ళు ఆగిండ్రు. ఫోన్ రీచార్జికి వచ్చినోళ్ళు, కాగితాల నకలుకు వచ్చినోళ్ళు అందరూ చుట్టూ చేరిండ్రు. ఒకామె దాని కోసం చాయ్ కూడా తెప్పించింది.

పిల్ల రాస్తున్నది. అందరూ తెర చూస్తున్నరు. మరిది తెర పక్కకే చూస్తలేడు. ఆయన చూపు పిల్ల మెడ మీద ఉన్నది.

కాసేపైనంక నాకూ కనిపించింది. మీట నొక్కినప్పుడల్లా ఆ తేలిక వస్తువు అద్దం మీద వెంట్రుకవాసి జరుగుతున్నది. పిల్ల ఎడమ చెయ్యి ఆపి దాన్ని దగ్గరికి గుంజుకుంటది, మళ్ళా రాస్తది, మళ్ళా గుంజుకుంటది. గుంజినప్పుడల్లా రాసేది ఎక్కడున్నదో మళ్ళా వెతుక్కుంటది. తెలియకుండనే చెప్పులోంచి కాలు తీసి పైకి లేపింది, తునికాకు కట్టను పట్టినట్టు పట్టుకుందామని. ఎత్తు స్టూలు మీద కాలు ఎక్కడ పెడతది. పట్టుకోవాల్సిన కుడి చెయ్యి పక్కన వేలాడుతున్నది. మెడ వంకర పోయింది, పెదవి కరుచుకున్నది, అయినా మంచిగున్నది మంచిగున్నది అంటున్నది. అది వద్దంటే ఇంకోటి దొరకదేమోనని దాని భయం.

ఇంట్లో దినాం చూసేదే. రొట్టె పిండి పిసికేటప్పుడు గిన్నె తిరగకుండ మోకాళ్ళ నడుమ పెట్టుకుంటది. రాసేటప్పుడు కాగితం మీద రాయి పెట్టుకుంటది. అయినా ఆ మెరుపు వస్తువు ముందర నాకది గుర్తే రాలేదు.

మరిది లేచిండు. "ఆగు బిడ్డా. ఎద్దు మంచిదే. కాడి జారుతున్నది" అన్నడు.

కొట్టాయన కింద రబ్బరు గుడ్డ పరిచిండు. జరుగుడు తగ్గింది, మొత్తం పోలేదు. ఇంతలో బేరాలు ఎక్కువైనయి, బల్ల ఖాళీ చేయాలె. "లోపల నా బల్ల కాడ కూర్చోమ్మా" అని పిల్లను తాను బిల్లులు కొట్టుకునే చోట కూర్చోబెట్టిండు. అక్కడ మడత కంప్యూటర్ పెట్టడానికి జాగా చాలలేదు. దాన్ని వెనక్కి జరిపి, తన సొంత మీటల పలకను, కీబోర్డు అంటరు, దాన్ని తీగతో దీనికి తగిలించిండు.

పాతది అది. పాలు కాగి రంగు మారినట్టున్నది. మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయినయి. అడుగున ఇనుప రేకు ఉన్నదట, రుబ్బురోలు పొత్రమంత బరువు. మేమెవ్వరం దాన్ని చూడను కూడా చూడలేదు. పిల్ల పేపరు పక్కన పెట్టుకుని మళ్ళా మొదలుపెట్టింది.

టకటకమని చప్పుడు. ఆ చప్పుడు ఆగలేదు.

నేను గడప కాడ నిలబడి వింటున్న. ఇంతసేపు టక్ టక్, ఆగుడు, టక్, ఆగుడు. ఇప్పుడు వాన పడ్డట్టు పడుతున్నది. లోపలికి తొంగి చూస్తే మెడ నిటారుగ ఉన్నది. పెదవి వదిలేసింది. కాలు కిందనే ఉన్నది. మరిది పోయి ఆ పలకను వేలితో నెట్టిండు. జరగలేదు. అరచేత్తో నెట్టిండు. జరగలేదు. నా పక్కకు తిరిగి తల ఊపిండు. ఎద్దు ఒడ్డు ఎక్కినప్పుడు అట్లనే ఊపుతడు.

కొట్టాయనతో, మడతది ఇయ్యి, ఇదీ ఇయ్యి అన్నడు. కొట్టాయన, అది అమ్మేది కాదన్నడు. కొట్టు తెరిచిన దినం నుంచి తన కాడనే ఉన్నదట, వేళ్ళకు అలవాటైందట. అసలు అట్లాంటివి ఇప్పుడు దొరకవట, కొత్తవన్నీ తేలికగ వస్తున్నయట. కొత్తది ఒకటి ఊరికే ఇస్త తీసుకపొండి అన్నడు.

సంతలో ఒక పద్ధతి ఉన్నది. అమ్మకానికి రాని ఎద్దు మీద మనసు పడితే బేరం చేయొద్దు, ఆ ఇంటాయన అరుగు మీద పోయి కూర్చోవాలె. నీళ్ళిస్తే తాగాలె, చాయిస్తే తాగాలె, వానల గురించి మాట్లాడాలె, ఎద్దు మాట ఎత్తొద్దు. మరిది అట్లనే గడప మీద కూర్చున్నడు. నేను పక్కన కూర్చున్న. కొట్టాయన తండ్రి ఏ ఊరు నుంచి వచ్చిండు, రైలు ఆ కొండల్లోకి ఎట్ల ఎక్కుతది, బచేలిలో ఎర్రదుమ్ము బట్టలకు పడితే పోతదా అని అన్నీ అడిగినం. కొట్టాయన జవాబులు చెబుతున్నడు గానీ చెవి లోపలి టకటక మీదనే ఉన్నది. బేరాలకు వచ్చినోళ్ళు మమ్మల్ని దాటుకుంట పోతున్నరు, నేను అంగుళం జరగలేదు.

పెద్దసారు అప్పుడే వచ్చిండు. మడత కంప్యూటర్ చూసి సంతోషపడ్డడు. పాత పలక సంగతి విని మొహం చిట్లించిండు. పాత సామాను బిల్లులో ఎట్ల రాయాలె, పైన అడిగితే ఏం చెప్పాలె అన్నడు. నేను ఆయన అంగీ పట్టుకుని లోపలికి లాక్కపోయిన. "మాట తర్వాత. ముందు దాన్ని చూడు" అన్న. ఆయన నిలబడి చూసిండు. పిల్ల ఆయన వచ్చింది కూడా చూడలేదు. రాస్తున్నది. సారు కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నడు, మళ్ళా పెట్టుకున్నడు.

కొట్టాయనే మెత్తబడ్డడు. "నా చేతికన్నా ఈ పిల్ల చేతికే బాగా పలుకుతోంది" అన్నడు. మరిది అప్పుడు బేరం మాట ఎత్తిండు. మారకం చెయ్యి అన్నడు. బిల్లులో కొత్త పలకనే రాయి, ఆ కొత్తది నువ్వు పెట్టుకో, పాతది బడికి ఇయ్యి. ఎద్దుకు ఎద్దు. పెద్దసారు ఆలోచించి, మారకం చేసినట్టు బిల్లు అడుగున నువ్వు కూడా ఒక ముక్క రాసి సంతకం పెట్టు, ఎవరూ దాచింది లేదు అన్నడు. అట్లనే చేసిండ్రు.

ఇంకోటి మిగిలింది. ఎద్దు చేతులు మారేటప్పుడు అమ్మినాయన పగ్గాన్ని తన చేత్తోనే కొన్నోళ్ళ చేతికి ఇవ్వాలె. నేల మీద పెడితే, బల్ల మీద పెడితే బేరం కుదిరినట్టు కాదు. మరిది ఆ పలక తీగను ఊడదీయనిచ్చి, నీ చేత్తో పిల్లకియ్యి అన్నడు. కొట్టాయన తీగ పట్టుకుని తటపటాయించిండు, ఎడమ చేతికి ఎట్ల ఇస్తనని.

"ఇటే ఇయ్యండి. నేను పట్టుకునేది దీనితోనే" అన్నది పిల్ల.

ఇచ్చిండు. దాని వేళ్ళు బిగుసుకున్నయి. మరిది ఆ బరువైన పలకను భుజాన మోసుకుంట బస్సెక్కి, కండక్టర్‌తో దాపటిది కొన్నమని చెప్పిండు. కండక్టర్ సరే సరే అన్నడు.

సుక్మాలో పేపరు సగమే అయింది, బస్సు టైమైందని లేపినం. పెద్దసారు ముందర రాసి చూపించేది మిగిలే ఉన్నది. అరిగిన మీటల మీద హిందీ అక్షరాలు అంటించినం, నేను కత్తిరించిన, పిల్ల అంటించింది. బడి వదిలినంక దినాం కూర్చుని రాసేది. పెద్దసారు తాళం చెవి దానికే ఇచ్చిండు. మిగతా పిల్లలు కిటికీ కాడ గుంపై, ఒక్కసారి నొక్కనియ్యి అని బతిమాలేటోళ్ళు. ఒక్కొక్కరికి ఒక్క మీట నొక్కనిచ్చేది, అంతే.

పేపరు రాసే దినం పొద్దున మా ఇంట్లో ఎవరం అన్నం సరిగ తినలేదు, అది తప్ప. అది రెండోసారి పెట్టించుకున్నది. పెద్దసారు తన గదిలోనే బల్ల వేయించి, ముందర గడియారం పెట్టుకుని కూర్చున్నడు. మరిదినీ నన్నూ బయట వసారాలో కూర్చోమన్నడు, మాట్లాడొద్దన్నడు. మాట్లాడకుండ కూర్చునుడు నాకు ఎంత కష్టమో మా వాళ్ళనడగండి. మొదటి గంట కొట్టంగనే టకటక మొదలైంది. లెక్కల గీతలు మాత్రం కాగితం మీద చేత్తో గియ్యాలె, అప్పుడు చప్పుడు ఆగిపోయేది, నా ఊపిరి కూడా. మళ్ళా మొదలైతే మరిది నా మోచేతిని పొడిచేటోడు.

నడుమ కరెంటు పోయింది. లోపల ఫ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. నేను లేచి నిలబడ్డ. టకటక ఆగలేదు. కూర్చున్న.

తర్వాత చాలాసేపటికి నిజంగనే ఆగింది. గీతల కోసం ఆగినట్టు లేదు, ఎక్కువసేపైంది. మణికట్టు పట్టేసిందేమో అనుకున్న. మరిది తలుపు పక్కకే చూస్తున్నడు. ఇంకా బెల్లు కాలేదు. పోయి చూద్దామా అని సైగ చేసిన, వద్దని సైగ చేసిండు.

తలుపు తెరుచుకుని పెద్దసారు బయటికి వచ్చిండు. ఆయన వచ్చీరాని తెలుగు మాట్లాడుడు నేను విన్నది అదొక్కసారే.

"అయిపోయింది అమ్మా. మొత్తం. రాసేపిల్ల వద్దు. అర్జీ నేడే పంపుతాను."

నేను ఆయన్ని పక్కకు నెట్టేసి లోపలికి ఉరికిన. దాన్ని ఎత్తుకుందామని ఉన్నది, అంత పిల్లను ఎట్ల ఎత్తుకుంట. భుజం మీద చెయ్యి వేసిన. అది తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదువుకుంట పైకి పోతున్నది.

"బెల్లు కొట్టలే నాయనమ్మా, ఒక్కసారి సరిచూసుకోవాలె. వెలుతురుకు అడ్డమున్నవ్, జరుగు" అన్నది.

జరిగిన.